తీగల లెక్క

ఆ ఏడు తుఫాను కంటే ముందు నన్ను మా ఆయన కొట్టాడు. జూన్ నెల మొదట్లో, ఇంటికప్పు మీద సోలార్ పలకలు బిగించి, వాటికి ఎంత బ్యాటరీ పెట్టించాలో తేల్చుకుంటున్న రోజున.

పోర్టోరికో కొండల్లో కరెంటు సంగతి ఒకరు చెప్పాలా. గాలి వీస్తే పోతుంది, వీయకపోయినా పోతుంది. మా ఆయన ఒవీదియోకి ఊపిరి మిషను వచ్చినప్పటినుంచీ, అది పోయినప్పుడల్లా మా ఇంట్లో ప్రాణాలమీదికి వచ్చేది. సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము ఏళ్ల తరబడి మింగిన ఊపిరితిత్తులు ఆయనవి. ముక్కులో గొట్టం, ఆ గొట్టం చివర మిషను, మిషను తోక గోడ ప్లగ్గులో. అక్కడ కరెంటు ఉన్నంతసేపే మనిషి. నోరు మాత్రం ఏ కరెంటూ అక్కర్లేకుండానే నడిచేది.

బ్యాటరీలు పెట్టే అమ్మాయి పేరు డామరిస్, కింద పట్నంనుంచి వచ్చింది. వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను.

"కరెంటు పోయినప్పుడు ఏవేవి ఆగకూడదో చెప్పండి. దాన్నిబట్టే సైజు," అంది.

"నా మిషను," అన్నాడు ఒవీదియో.

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"ఫ్రిజ్జు," అన్నాను నేను.

"ఫ్రిజ్జులో ఏముంది, నీ నగలున్నాయా?"

డామరిస్ నవ్వు ఆపుకుంది. "మీ మిషను చూడ్డానికే చిన్నదండీ. రాత్రీ పగలూ ఆగదు కదా, ఫ్రిజ్జు కంటే అదే ఎక్కువ లాగుతుంది. ఒక్క బ్యాటరీ అయితే రాత్రి ఎలాగో గట్టెక్కిస్తుంది. పొద్దున్నే ఎండ వచ్చి దాన్ని నింపాలి. ఎండ రాకపోయిందా, ఇక అంతే. రెండు పెట్టించుకోండి. మూడైతే ఇంకా నిశ్చింత."

"తుఫాను వెళ్లిన మర్నాడు ఎండ రాకపోవడం నువ్వెప్పుడన్నా చూశావా?"

ఆ పిల్ల ఆలోచించింది. చూళ్లేదు. నేనూ చూళ్లేదు. ఈ దీవిలో పుట్టినవాళ్లందరికీ అదొక నమ్మకం. తుఫాను పోతూ పోతూ ఆకాశాన్ని ఊడ్చుకుపోతుంది. మర్నాడు కొండమీద చెట్టుకి ఆకు మిగలదు గానీ నెత్తిన ఎండ మాడ్చేస్తుంది.

"ఒకటి చాలు," అన్నాడు ఒవీదియో.

"రెండు పెట్టించు. మిగిలితే మిగల్నీ," అన్నాను.

"మిగిలితే తీగలొస్తాయే," అంటూనే వెనకచేత్తో నా నోటిమీద కొట్టాడు. పెదవి చిట్లింది. కాఫీకప్పు కిందపడి పగిలింది. డామరిస్ లేచి నిలబడింది, ముఖంలో నెత్తురు లేదు. కూర్చోమని చెయ్యి ఊపి, "ఒకటే రాసుకోమ్మా," అన్నాను. ఆ పిల్ల ముందు దెబ్బ తినడమే సిగ్గు, ఇంకోటి తినడం ఎందుకని.

తీగలంటే ఏమిటో చెప్పాలి. మా కొండమీద ఒకరింట్లో కరెంటు ఉండి పక్కింట్లో లేకపోతే, పక్కింటివాడు తన తీగ తానే తెచ్చుకుంటాడు. లోపలికి రాడు. గుమ్మంలో నిలబడి ప్లగ్గు ఉన్న చివర చాస్తాడు. ఇంటివాళ్లు దాన్ని అందుకుని తమ చేత్తో తమ గోడకి పెట్టాలి. అందుకుంటే ఇచ్చినట్టు. మనిషిని తిట్టొచ్చు, వాడి ముత్తాతని తిట్టొచ్చు, కోడిపందెంలో కొట్టుకుని పళ్లు రాలగొట్టుకోవచ్చు. చాచిన ప్లగ్గు అందుకోకుండా ఉండటం మాత్రం మా వాడలో ఎవరూ ఎరగరు.

కొన్నేళ్ల కిందట పెద్ద తుఫాను వచ్చినప్పుడు మా జనరేటరుకి కొండంతా తీగలు తగిలించింది. అందరివీ ఒవీదియోనే అందుకున్నాడు, నవ్వుతూ అందుకున్నాడు. ఒక మధ్యాహ్నం జనరేటరు భగ్గుమని కాలిపోయింది. అప్పట్లో ఊపిరి మిషను మా అత్తగారికి ఉండేది. ఆవిడ ఆ సాయంత్రమే పోయింది. ఎవరి తీగ బరువుకి కాలిందో ఎవరికీ తెలియదు. ఒవీదియో మాత్రం పక్కింటి క్రిస్పిన్ ఫ్రిజ్జే కారణమని తేల్చేసుకున్నాడు. క్రిస్పిన్ కూతురు యారెలిస్‌ని జ్ఞానస్నానంలో చేతుల్లోకి తీసుకుని జ్ఞానతండ్రిగా నిలబడ్డది ఈయనే. వాళ్లిద్దరిదీ బావా అంటే బావా అనుకునే వరస. ఆ తర్వాత కూడా అలాగే పిలుచుకునేవాళ్లు, పిలుపులో మాత్రం ఉప్పు కారం చచ్చిపోయాయి.

ఆగస్టులో వచ్చింది మరీ పెద్ద తుఫాను కాదు. ఒక రాత్రంతా రేకులు చప్పుడు చేసి, స్తంభాలు పడగొట్టి పోయింది. మర్నాడు ఒవీదియో చెప్పినట్టే ఎండ విరగకాసింది. మధ్యాహ్నం కాకముందే మా బ్యాటరీ నిండిపోయింది. ఆ తర్వాత పలకలమీద పడ్డ ఎండంతా వృథాయే. మిషను గుర్రుగుర్రుమంటోంది, ఒవీదియో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని రాజులా కూర్చున్నాడు. పక్కనే అరటిగెలలు నరికే పొడుగు కత్తి, వాకిట్లో పడ్డ కొమ్మలు కొట్టడానికని నేనే తీసిపెట్టింది.

క్రిస్పిన్ నారింజరంగు తీగ భుజాన చుట్టుకుని వచ్చాడు.

"బావా, పిల్ల మందు ఫ్రిజ్జులో ఉండాలి. పగటిపూట ఇవ్వు చాలు. ఎండ దిగగానే నేనే పీకేస్తా."

యారెలిస్‌కి చిన్నప్పటినుంచీ షుగరు. రోజూ సూది పడాలి, సూదిమందు చల్లగా ఉండాలి.

"నీ ఫ్రిజ్జుకి మా అమ్మని ఇచ్చాను. ఇంకా ఆకలి తీరలేదా?" అన్నాడు ఒవీదియో.

"ఆ మాట ఎన్నాళ్లంటావు?"

"నా ఊపిరి ఉన్నన్నాళ్లు."

"అయితే ఎక్కువ రోజులు వినక్కర్లేదులే," అని నవ్వాడు క్రిస్పిన్. మావాళ్లలో ఇలాంటి మాట పలకరింపుతో సమానం. నవ్వుతూనే ప్లగ్గు చాచాడు.

ఒవీదియో కత్తి తీసి తీగని నరికాడు. తీగ పట్టుకున్న చెయ్యి కూడా అక్కడే ఉంది.

రెండు వేళ్లు గుమ్మం రాళ్లమీద పడ్డాయి. క్రిస్పిన్ అరవలేదు. వాటివంక చూశాడు, ఎవరివో అన్నట్టు. ఒవీదియో కత్తి మళ్లీ ఎత్తాడు, ఆ వేటు గుమ్మం చెక్కలో దిగి ఇరుక్కుంది. అప్పుడు క్రిస్పిన్ మీదపడ్డాడు. ఎడమచేత్తో మా ఆయన ముక్కులో గొట్టం లాగి, దాన్నే మెడచుట్టూ తిప్పి బిగించాడు. కుర్చీ విరిగింది. ఇద్దరూ నేలమీద. ఎవరి నెత్తురో ఎవరికి అంటుతోందో తెలియలేదు. ఒవీదియో కళ్లు తేలిపోతున్నాయి. నేను పొయ్యిమీదున్న కందిగింజల అన్నం గిన్నె తెచ్చి క్రిస్పిన్ వీపుమీద బాదాను. కాలుతున్న అన్నం వాడి మెడకి అంటుకుంది. వాడు వదిలింది నా దెబ్బకి కాదు. కింద ఉన్న ముఖం చూసి వదిలాడు.

లేచి, తెగిన చేతిని చంకలో పెట్టుకుని, "వాడికి గొట్టం పెట్టు అక్కా," అని నాతో అని మెట్లు దిగిపోయాడు. నేను ఆయనకి గొట్టం పెట్టి, వేళ్లు తువ్వాలులో చుట్టి వెనకాల పరుగెత్తాను. దారికి అడ్డంగా చెట్లు పడున్నాయి. ఆస్పత్రికి చేరేసరికి ఆ వేళ్లు ఎందుకూ పనికిరాలేదు.

పోలీసులడిగితే క్రిస్పిన్, పడ్డ చెట్టు కొడుతుంటే కత్తి జారిందన్నాడట. తుఫాను తర్వాత అలాంటి చేతులు ఆస్పత్రినిండా ఉంటాయి. వాళ్లు నమ్మారు.

కొండమీదివాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మర్నాటినుంచీ మా కప్పుమీద రాళ్లు పడటం మొదలైంది. ఒక పలక నెర్రెలిచ్చింది. మా కుక్కని ఎవరో కాళ్లు విరగ్గొట్టి వాకిట్లో పడేశారు. దాన్ని నేనే చంపాల్సి వచ్చింది. ఒవీదియో కిటికీలోంచి బూతులు తిట్టేవాడు, నాలుగు మాటలకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుని మళ్లీ తిట్టేవాడు. తిట్టడానికి వాళ్లు దొరకనప్పుడు నేనున్నాను.

యారెలిస్ మందు పట్నంనుంచి ఐసు తెచ్చి దాచేవారు. ఒకరోజు ఐసు కరిగి మందు చెడింది. తెలియక అదే సూది వేశారు. పిల్ల తెలివితప్పి పడిపోయింది, ఆస్పత్రిలో పెట్టి బతికించారు. ఆ సంగతి నాకు నీళ్లబండి దగ్గర తెలిసింది. క్రిస్పిన్ పెళ్లాం హసింతా బిందె కిందపెట్టి, సరాసరి వచ్చి, నా జుట్టు పట్టుకుని బండి చక్రానికేసి నా తల కొట్టింది.

"మీ బ్యాటరీ నిండిందా? చెప్పవే, నిండిందా?" అంటూ కొట్టింది.

నేనూ గోళ్లతో రక్కాను. ఎందుకు రక్కానో నాకే తెలియదు. నిండింది, మధ్యాహ్నానికల్లా నిండి ఎండ వృథాగా పోయింది. ఆ మాట ఎలా చెప్పను? చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లలో ఒక్కరు మమ్మల్ని విడదీయలేదు.

ఇంటికి వచ్చి ఒవీదియోకి చెప్పాను. "నీ పిల్లే అది. నువ్వు చేతుల్లోకి తీసుకున్న పిల్ల."

గోడవైపు తిరిగి, "బతికిందిగా," అన్నాడు. అన్నం మాత్రం తినలేదు.

సెప్టెంబరులో కొండవాళ్లంతా కలిసి క్రిస్పిన్ ఇంటికి బ్యాటరీలు పెట్టించుకున్నారు. డామరిస్ బండి మా ఇంటిముందునుంచే వెళ్లింది, ఆగలేదు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే అంతా కనిపించేది. మగవాళ్లు ఒక్కో పెట్టెనీ శవపేటికలా నలుగురేసి మోశారు. పెట్టెమీద పెట్టె గోడకి బిగించారు. ఒవీదియో నా వెనక నిలబడి చూశాడు.

"పెళ్లికి కొన్నట్టు కొన్నారే. అంత ఎందుకట?"

"తీగలు కూడా లెక్కేసి ఉంటారు," అన్నాను. దానికీ ఒకటి తగిలింది.

అక్టోబరులో రెండో తుఫాను వచ్చింది. గాలి ఎక్కువ లేదు. వాన మాత్రం దీవిమీద కూర్చుని లేవనంది. మొదటిరోజు అనుకున్నాం, రేపు ఎండ వస్తుందని. రేపూ వాన. ఎల్లుండీ వాన. పగలు కూడా వంటింట్లో ముఖం కనిపించనంత మబ్బు. కింద రోడ్డుమీద కొండచరియ విరిగిపడింది. అంబులెన్సుకి ఫోను చేస్తే, దారి తీశాక వస్తామన్నారు.

మా బ్యాటరీ మొదటి రాత్రి గట్టెక్కించింది. తర్వాత నేను ఫ్రిజ్జు తీసేశాను, బల్బు తీసేశాను, చివరికి మిషను గాలి తగ్గించాను. ఇంట్లో ఉన్న గాలి సిలిండరు కూడా అయిపోయింది. మూడోనాడు పొద్దున మిషను కీచుమని అరిచి ఆగిపోయింది. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఒవీదియో మంచంమీద లేచి కూర్చుని, మోకాళ్లు పట్టుకుని, నోరు తెరిచి గాలిని కొరుకుతున్నాడు. పెదాలు నల్లబడుతున్నాయి. నేను తీగల చుట్ట తీశాను.

"ఎక్కడికి?"

"నీకు తెలుసు."

"వాళ్ల గడప తొక్కితే... చంపేస్తా."

"చంపడానికి ఊపిరి కావాలి. తెచ్చాక చంపుదువుగాని."

మంచం పక్కనున్న ఖాళీ సిలిండరు నామీదికి దొర్లించాడు. అది నా మడమకి తగిలి చర్మం లేచిపోయింది. కుంటుకుంటూనే తీగకి తీగ కలిపి, అతుకులకి సంచులు చుట్టి, బురదలో జారుకుంటూ క్రిస్పిన్ ఇంటికి దిగాను.

వాళ్ల ఇంటి కిటికీల్లోంచి తీగలు నలువైపులా వెళ్లి ఉన్నాయి, కొండమీది ప్రతి ఇంటికీ. లోపల ఫ్యాను తిరుగుతోంది, ఎవరిదో పసిపిల్ల ఏడుస్తోంది, కాఫీ వాసన. గుమ్మంలో హసింతా నిలబడింది.

"ఎవరింటికొచ్చావో తెలిసే వచ్చావా?"

"తెలిసే."

"మా ఆయన వేళ్లు తెచ్చావా?"

"తీగ తెచ్చాను."

లాగి చెంపమీద కొట్టింది. నేను నిలబడ్డాను. రెండోది కొట్టింది. చెవి హోరుమంది.

"కొట్టుకో. కొట్టడం అయ్యాక ఇది అందుకో. వాడి పెదాలు నల్లబడ్డాయి," అన్నాను.

"నల్లబడనీ. పోతే పండగ చేసి కొండంతా కందిగింజల అన్నం వండి పెడతా." మూడోసారి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి దించి, కొట్టడం కంటే గట్టిగా మాట్లాడింది. "తెలుసా నీకు? సైజు తేల్చేటప్పుడు ఆ బ్యాటరీల పిల్ల అడిగింది, ఏవేవి నడవాలని. నా మొగుడు మొట్టమొదట చెప్పింది మీ వాడి మిషను. నా కూతురి ఫ్రిజ్జు కంటే ముందు. లెక్కలోంచి కొట్టేయమన్నా. నలుగురి ముందు నాతో దెబ్బలాడాడు. దానికోసమే ఒక పెట్టె ఎక్కువ పెట్టించారు. మా వేళ్లు నరికినవాడికి."

నేను గుమ్మం పట్టుకున్నాను.

లోపలినుంచి క్రిస్పిన్ వచ్చాడు. "రాత్రీ పగలూ నడిచేది కొండమీద అదొక్కటే. లెక్కంటే ముందు దాన్ని వెయ్యాలి. ఆ తర్వాత మిగతావి," అన్నాడు హసింతాతో, ఇదివరకే చాలాసార్లు చెప్పిన మాటలాగా. తర్వాత నావైపు తిరిగాడు. "సర్లే అక్కా, చాచు మరి. వాన లోపలికి కొడుతోంది."

ప్లగ్గు చాచాను. వాడు అందుకున్నాడు. మూడు వేళ్ల చెయ్యి, పట్టు చిక్కక జారి కిందపడింది. హసింతా వంగబోయింది.

"నువ్వుండు," అన్నాడు. తనే వంగి మళ్లీ తీసుకుని, లోపలికి వెళ్లి పెట్టాడు.

నేను ఇంటికి చేరేసరికి మా ఆయన మంచంమీద ఒక పక్కకి ఒరిగిపోయి ఉన్నాడు. గొట్టం ముక్కులో పెట్టి మిషను నొక్కాను. గుర్రుమని లేచింది. ఎంతసేపు కూర్చున్నానో, పెదాలకి రంగు వచ్చింది. కళ్లు తెరిచాడు.

"ఎండొచ్చిందా?"

"లేదు."

కిటికీవైపు చూశాడు. చువ్వల మధ్యనుంచి తీగ, చివర నీళ్లు కారుతూ.

"ఎవరిది?"

"క్రిస్పిన్‌ది."

గొట్టం పీకి పారేశాడు. నేను మళ్లీ పెట్టాను. మళ్లీ పీకి, నా ఛాతీమీద తన్ని, ప్లగ్గువైపు పాకాడు. నేను నడుం పట్టి వెనక్కి లాగాను. మంచంకోడు తగిలి నా కనుబొమ్మ పగిలింది. కంట్లోకి నెత్తురు దిగుతుంటే, జీవితంలో మొదటిసారి ఆయన్ని కొట్టాను. చెంపమీద, ఆ తర్వాత నోటిమీద, సరిగ్గా జూన్‌లో నాకు తగిలిన చోటే. రెండు మణికట్లూ కలిపి నా ఒక్క చేత్తో నేలకి అదిమిపెట్టాను. ఇన్నేళ్లు నన్ను కొట్టిన చేతులు ఒక్క గుప్పిట్లో ఇమిడిపోయాయి. రెండో చేత్తో గొట్టం ముక్కులో కుక్కి పట్టుకున్నాను. ప్రేమతో చేశానని ఎవరైనా అంటే నవ్వుతాను. అది నేను దెబ్బలు తిని తెచ్చిన కరెంటు. దాన్ని పారబోసే హక్కు ఆయనకి లేదు.

"వదులు," అన్నాడు.

"వదలను. అక్కడ బ్యాటరీ కొన్నప్పుడు నిన్ను కూడా లెక్కేసుకుని కొన్నారు. అందరికంటే ముందు నిన్నే లెక్కేశారట. విన్నావా?"

విన్నాడు. ఆయన ఒంట్లో పెనుగులాట మెల్లగా తగ్గింది. నేను మాత్రం పట్టు వదల్లేదు. వాన కప్పుమీద కొడుతూనే ఉంది. ఇద్దరం నేలమీదే ఉన్నాం, నా కనుబొమ్మ నెత్తురు ఆయన చొక్కామీద పడుతోంది.

"ప్లగ్గు ఎవరు పెట్టారు? హసింతానా?"

"వాడే."

మిషను నాలుగైదుసార్లు గాలి వదిలింది.

"ఏ చేత్తో అందుకున్నాడు?"

"నువ్వు నరికిన చేత్తో."

అప్పుడు మణికట్లు వదిలాను. ఒవీదియో చెయ్యెత్తాడు. పీకుతాడేమోనని నేను గుప్పిలి బిగించాను. జారిన గొట్టాన్ని తనే ముక్కులో సరిగ్గా పెట్టుకుని, చెవుల వెనక తగిలించుకుని, అటు తిరిగి పడుకున్నాడు. భుజాలు ఎగిసిపడుతుంటే ఊపిరి అందడం లేదేమోనని వంగి చూశాను. ఊపిరి అందుతోంది. ఏడుస్తున్నాడు. తల్లి పోయినరోజు కూడా ఏడవని మనిషి.

ఓదార్చలేదు నేను. ఏడవనిచ్చాను.